గోపాల్‌పూర్ వలలో పడే మాంటిస్ రొయ్యకు ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు ఎలా పెట్టాలి

గోపాల్‌పూర్ ఒడ్డున పొద్దున్నే పెద్ద వల లాగాక చివరి సంచి విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడండి. కవళ్లు, కానాగంతలు, పీతలు ఏరుకున్నాక ఇసక మీద ఇంకేవో మిగిలిపోతాయి. వాటిలో గొల్లభామలా ముందు చేతులు ముడుచుకుని, తోక కింద ముళ్లతో, బూడిద రంగులో ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది. అదే మాంటిస్ రొయ్య. మొదటిసారి నేను బకెట్ పట్టుకుని దాన్ని అడిగితే అక్కడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, కూరకీ పనికిరాదు, సెయ్యి కోసేత్తాది. దీన్నేటి సేసుకుంతావు?" అన్నాడు. ఉత్తినే ఇచ్చేశాడు. అది నాలుగు రోజులే బతికింది. తప్పు దానిది కాదు, నాది. బరంపురంలో, ఛత్రపురంలో, అటు ఇచ్ఛాపురం దాకా ఈ సరదా పుట్టినవాళ్లు నాలాగా నాలుగు రోజుల ముచ్చట చేసుకోకూడదని ఇది రాస్తున్నాను.

పేరులో రొయ్య ఉన్నా ఇది రొయ్య కాదు. స్టొమాటోపోడా అనే వేరే వర్గం.

ముందు ఏ జీవో తేల్చుకోండి

వీడియోల్లో చూసి మనసు పడేది నెమలి మాంటిస్ మీద. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులతో ఉండి, గుద్ది నత్తగుల్లల్ని పగలగొడుతుంది. దాని గుద్దు వేగం సెకనుకు 23 మీటర్ల దాకా కొలిచారు, అంటే గంటకు 80 కిలోమీటర్ల పైమాటే. కానీ అది పగడపు దిబ్బల దగ్గర బతికేది. మన ఇసక తీరంలో వలకు దొరికేవి చాలావరకు గుద్దేవి కావు, పొడిచేవి. మెత్తటి నేలలో బొరియ తవ్వుకుని, గుమ్మంలో కూర్చుని, దగ్గరికొచ్చిన చేపనో రొయ్యనో ముళ్ల చేతితో గుచ్చి లోపలికి లాక్కుంటాయి. చెయ్యి విప్పినప్పుడు చూస్తే చివర దువ్వెన పళ్లలా ముళ్లు వరసగా ఉంటాయి.

ఈ తేడా తెలిస్తే మీ ఖర్చు సగం తేలిపోయినట్టే. గుద్దేదానికి రాళ్లు, గుహలు కావాలి, గాజు గురించి కూడా కాస్త భయపడాలి. పొడిచేదానికి కావలసింది లోతైన ఇసక. అద్దం పగులుతుందన్న బెంగ అక్కర్లేదు. ఇంకో మాట. "మాంటిస్ రొయ్యకు మనకు కనబడని రంగులన్నీ కనబడతాయి" అని అందరూ చెప్పుకుంటారు కదా. మన కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలైతే, దిబ్బల మీద బతికే వాటిలో కొన్నింటికి పన్నెండు దాకా ఉన్న మాట నిజమే. అయినా 2014లో వచ్చిన పరిశోధనలో దగ్గరి రంగుల మధ్య తేడా పట్టడంలో అవి మనకంటే వెనకబడ్డాయని తేలింది. మట్టినీళ్లలో బతికే స్క్విల్లా రకాలకైతే ఆ హంగులేమీ లేవు. కాబట్టి రంగురంగుల లైట్ల మీద డబ్బు తగలెయ్యకండి. గదిలో మామూలు బల్బు వెలుతురు చాలు.

మూడు నాలుగు అంగుళాలున్న చిన్నదాన్నే ఎంచుకోండి. వలలో అడుగు దాకా పెరిగే రకాలు కూడా పడుతుంటాయని గుర్తుంచుకోండి. పెద్ద కళ్లతో, అరచెయ్యి కంటే పొడుగ్గా కనబడితే వదిలెయ్యండి, మన ట్యాంకు దానికి చాలదు.

ట్యాంకు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు, 6 మిల్లీమీటర్ల గాజు. షాపులో మామూలుగా అమ్మే అడుగు ఎత్తు ట్యాంకు వద్దు. అడుగున ఇసకే ఆరు అంగుళాలు తినేస్తుంది. కింద థర్మకోల్ షీటు వేసి కూర్చోబెట్టండి. నీళ్లు, ఇసక, గాజు కలిసి తొంభై కిలోల దాకా వస్తుంది. పాత టీవీ స్టాండు మీద పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఎండ నేరుగా పడని గోడ పక్కన, స్విచ్‌బోర్డుకు దగ్గర్లో, కానీ దాని కిందకు రాకుండా పెట్టండి.

ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, పని చేసే ఎర్తింగు, వీలైతే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండాలి. వైరు ట్యాంకులోంచి సరాసరి ప్లగ్గుకు వెళ్లకూడదు. మధ్యలో కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఫిల్టరుకు ఒక స్పాంజి ఫిల్టరు, ఒక ఎయిర్ పంపు, పక్కకు తగిలించే చిన్న ఫిల్టరు ఒకటి చాలు. మూత తప్పనిసరి. ఇది రాత్రిళ్లు తిరిగే జీవి, అంచులు వెతుకుతుంది. గాజు మూత వేస్తే వేసవిలో నీళ్లు ఉడికిపోతాయి, అందుకే నేను చెక్క ఫ్రేముకు దోమల జాలీ బిగించాను.

ఇసక పెట్టె, బొరియ

ట్యాంకంతా ఆరు అంగుళాల ఇసక పోస్తే దాదాపు నలభై కిలోలు కావాలి. అంత అరగొనైట్ ఇసక (అక్వేరియంలకని అమ్మే సున్నపు ఇసక) కొంటే జేబు ఖాళీ. నేను చేసింది ఇది. అడుగు పొడవు, పది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల లోతున్న ఆహారపు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని ట్యాంకులో ఒక మూలకు నొక్కి పెట్టాను. ఇసకంతా అందులోనే. పదహారు, పదిహేడు కిలోలతో పని అయిపోయింది. మిగతా అడుగు భాగం ఖాళీ. శుభ్రం చేయడానికి అదే సుఖం.

గోపాల్‌పూర్ బీచి ఇసక ఊరికే దొరుకుతుంటే కొనడమెందుకని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ ఇసకలో తిప్పి చూడండి. నల్లటి మీసాల్లా అంటుకుంటుంది. మన గంజాం తీరమంతా ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైటు, మోనజైటు కలిసిన ఇసక. ఛత్రపురం దగ్గర ఐ.ఆర్.ఇ.ఎల్. (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) వాళ్లు తవ్వి తీసేది వీటినే. ఆ నలుసు అద్దం తుడిచే అయస్కాంతానికి పట్టుకుందంటే గాజు మీద ఇక గీతలే గీతలు. పైగా మోనజైటులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. బీచి ఇసక జోలికి పోకండి.

అరగొనైట్‌లో సన్నరకం, పంచదార పలుకంత ఉండేది తీసుకోండి. ముతకది అయితే బొరియ నిలవదు, కూలిపోతుంది. నీళ్లు తేటపడే దాకా కడిగి డబ్బాలో నింపే ముందు బొరియ పెట్టాలి. అంగుళంపావు పీవీసీ పైపు, రెండు ఎల్బోలు కావాలి. అడ్డంగా ఏడు అంగుళాల ముక్క, రెండు చివర్లా నిలువుగా నాలుగేసి అంగుళాల ముక్కలు. తొట్టిలో ఊయల తాడు వేలాడినట్టు వంపు వస్తుంది, రెండు నోళ్లూ ఇసక మట్టానికి తేలతాయి. గమ్ము పూయకండి, నొక్కి బిగిస్తే చాలు. పైపు లోపల గరుకు కాగితంతో బాగా రుద్దండి, నున్నటి గోడ మీద దాని కాళ్లు జారతాయి. రెండు నోళ్లు ఎందుకంటే, అది లోపల కూర్చుని పొట్ట కింది రెక్కల్ని విసరుతూ ఒక వైపు నుంచి మరో వైపుకు నీళ్లు తోడుకుంటుంది. ఒక నోరే ఉంటే లోపలి నీరు మురిగిపోతుంది.

డబ్బాను ట్యాంకు ముందు అద్దానికి ఆనించి, పైపును కూడా అద్దం వైపుకు జరపండి. కొన్నాళ్లకు అది పైపు పక్కన సొంతంగా ఒక గది తవ్వుకుంటుంది. అదృష్టం బాగుంటే అద్దం వైపు డబ్బా గోడే ఆ గది గోడ అవుతుంది, డబ్బా తేటగా కనబడేదైతే లోపలికి చూడొచ్చు. పగలు అక్కడ నల్ల కాగితం అంటించి, రాత్రి తీసి చూడండి.

రాళ్లు పెట్టాలని ఉంటే విరిగిన మట్టి కుండ పెంకులు చాలు. పగడం ముక్కలు, "లైవ్ రాక్" అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, కొన్నా దగ్గర పెట్టుకున్నా నేరమే.

నీళ్లు

అసలు పని ఇక్కడే. ఇది సరిగ్గా చేస్తే మిగతా పొరపాట్లు కొన్ని కాచుకుంటాయి.

సముద్రం పదహారు కిలోమీటర్ల దూరంలో ఉండగా ఉప్పు కొనడమెందుకు? ఒక అక్టోబరులో అదే అనుకుని రెండు క్యాన్లు పట్టుకొచ్చాను. రిఫ్రాక్టోమీటరులో (నీటి ఉప్పదనం కొలిచే పరికరం) చూస్తే వెయ్యికి 26 వచ్చింది. ఉండాల్సింది 33 నుంచి 35. వానాకాలంలో గంగా, బ్రహ్మపుత్ర, మహానది కుమ్మరించిన మంచినీరు అక్టోబరు నుంచి తీరం వెంట దక్షిణానికి ప్రవహించి మన ఒడ్డునంతా పలచన చేస్తుంది. పైగా ఋషికుల్య నది దగ్గరే. అదే మార్చి, ఏప్రిల్‌లో తెస్తే ఉప్పదనం బాగుంటుంది. అప్పుడు కూడా ఒడ్డున అలల్లో ముంచకండి, అలలు దాటి పడవలో వెళ్లేవాళ్లకు క్యాను ఇచ్చి తెప్పించుకోండి. గుడ్డలో వడగట్టి, రెండు వారాలు చీకట్లో ఉంచి, పైన తేరిన నీటినే వాడండి. నది ముఖద్వారం దగ్గర, ఓడరేవు దగ్గర ఎప్పుడూ పట్టకండి.

నా సలహా అడిగితే, అక్వేరియంలకని అమ్మే సముద్రపు ఉప్పు ప్యాకెట్టే మేలు. ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. "హుమ్మాలో కావలసినంత ఉప్పు పండుతుంటే ప్యాకెట్టు ఎందుకురా?" అని మా బావ ఎగతాళి చేశాడు. ఉప్పు మడిలో జరిగేది చూస్తే జవాబు దొరుకుతుంది. నీరు ఇగురుతున్నకొద్దీ ముందు కాల్షియం అడుగుకు దిగిపోతుంది, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం ఎక్కువగా మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. మనం ఏరుకునేది ఆ మధ్యది. పెంకు కట్టుకునే జీవికి కావలసినవి ముందూ వెనకా పోయిన వాటిలో ఉన్నాయి. అందుకని రాతి ఉప్పు, వంట ఉప్పు రెండూ పనికిరావు.

ఉప్పు కలిపేది ఆర్.ఓ. నీటిలో. కుళాయి నీరు, బోరు నీరు వద్దు. వాటర్ ప్లాంటు క్యాను కొంటే ముందు టి.డి.ఎస్. మీటరు (నీటిలో కరిగిన లవణాలు చూపేది) ముంచి చూడండి, ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. యాభై దాటితే నేను వేరే ప్లాంటుకు వెళతాను. 20 లీటర్ల క్యానుకు 700 నుంచి 750 గ్రాముల ఉప్పు పడుతుంది. ఉప్పులో నీళ్లు పోయకూడదు, నీళ్లలో ఉప్పు వేయాలి. ప్లాస్టిక్ డ్రమ్ములో చిన్న పంపు పెట్టి రాత్రంతా తిరగనిచ్చి, పొద్దున్న కొలవండి. ట్యాంకుకు ఇలాంటి క్యాన్లు రెండున్నర, అటూ ఇటుగా యాభై లీటర్లు సరిపోతాయి.

ఇప్పుడు ఆ నాలుగు రోజుల కథ. అప్పట్లో నేను వాడిన బకెట్టు పాత గోల్డ్‌ఫిష్ ట్యాంకుది. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే షాపువాడు ఇచ్చిన నీలం మందు అందులోనే కలిపేవాణ్ని. ఆ మందులో ఉండేది రాగి. చేపను బతికించే మోతాదు రాగి వెన్నెముక లేని జీవికి విషం. బకెట్టు మూడుసార్లు కడిగానని ధీమా. మాంటిస్ మొదటి రోజు తిరిగింది, రెండో రోజు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది, ఇంకో రెండు రోజులు అలాగే. కాబట్టి అన్నీ కొత్తవి కొనండి. బకెట్టు, పైపు, జల్లెడ, చేతిలో పట్టుకునే మగ్గు కూడా. ఇత్తడి కుళాయి, రాగి చెంబు ఆ నీళ్లకు తగలకూడదు.

ఖాళీ ట్యాంకు, నెలన్నర ఓపిక

ట్యాంకు నింపాక ఫిల్టరు వేసి, గోలీ అంత పచ్చి రొయ్య ముక్క ఒకటి లోపల పడేసి కుళ్లనివ్వండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా స్పాంజిలో, ఇసకలో పెరిగి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంతవరకు పర్వాలేదు. ఈ సంసారం కుదుటపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడు పరీక్షల కిట్లు కొనుక్కుని వారానికి రెండుసార్లు చూసుకోండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు మాత్రమే కనబడుతుంటే సగం నీళ్లు మార్చి అప్పుడు గోపాల్‌పూర్ బస్సెక్కండి.

మధ్యలో కాస్త కంపు కొడుతుంది. ఇంట్లోవాళ్లను ముందే ఒప్పించుకోండి.

లెక్క పెట్టుకుంటే కాలం కూడా కలిసొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. ఋషికుల్య వైపు నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం ఆంక్షలు ఉంటాయి. ఏప్రిల్ చివర్లో ట్యాంకు మొదలుపెడితే జూన్ మధ్యలో వలలు దిగేసరికి అది సిద్ధంగా ఉంటుంది.

వేడి

నీరు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల బరంపురంలో ఏ ట్యాంకైనా 31, 32 చూపిస్తుంది. చిన్న టేబుల్ ఫ్యాను నీటి మీదుగా వీచేలా పెడితే రెండు డిగ్రీలు తగ్గుతాయి. ఉక్కపోత రోజున అంత కూడా తగ్గదు. అప్పుడు ఆర్.ఓ. నీళ్లు పోసి గట్టిగా మూత బిగించిన లీటరు సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి మధ్యాహ్నం తేలనివ్వండి. ఒకేసారి మూడు వేసి చలి పుట్టించకండి. డిసెంబరు, జనవరిలో 50 వాట్ల హీటరు 25 మీద పెడితే చాలు.

ఫ్యాను వల్ల రోజుకు లీటరు దాకా నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గినంత వరకు ఉప్పులేని ఆర్.ఓ. నీళ్లే పోయాలి. అద్దం మీద మార్కరుతో గీత గీసుకుని రోజూ ఆ గీత వరకు నింపండి.

తీసుకురావడం

ట్రాలర్ వలలో గంటల తరబడి నలిగినది వద్దు, ఒడ్డుకు లాగిన వలలోదే కావాలి. రెండు కళ్లూ విడివిడిగా తిరుగుతున్నాయా, ముందు చేతులు రెండూ ఉన్నాయా, పొట్ట కింద రెక్కలు ఆడుతున్నాయా చూడండి. చేత్తో పట్టకండి. ముందు చేతుల సంగతి అందరికీ తెలుసు, తోక ముళ్ల సంగతి తెలిసేది గుచ్చుకున్నాకే. జాలీ చిక్కం కూడా వద్దు, ముళ్లు చిక్కుకుని చెయ్యి ఊడొస్తుంది. ప్లాస్టిక్ డబ్బా ముందు పెట్టి, వెనక నుంచి పుల్లతో మెల్లగా తోలితే అదే దూరుతుంది. ఒక డబ్బాలో ఒక్కటే. రెండు వేస్తే ఇంటికి ఒక్కటే వస్తుంది.

ఇంటికొచ్చాక ఎయిర్ పంపు ట్యూబుకు ఒక ముడి వేసి, ట్యాంకు నీటిని సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున డబ్బాలోకి దించండి. సముద్రం నీటికీ మీ నీటికీ ఉప్పు తేడా ఎంత ఎక్కువుంటే అంత నెమ్మదిగా. నేను కనీసం రెండు గంటలు కూర్చుంటాను. తర్వాత డబ్బాను బొరియ నోటి దగ్గర వంచి వదిలెయ్యండి. రెండు మూడు రోజులు కనబడదు, తినదు. కంగారు పడి పైపు ఎత్తి చూడకండి.

తిండి

వారానికి రెండు మూడుసార్లు, దాని తలంత ముక్క. చిలికా నుంచి వచ్చే చిన్న చింగుడి (రొయ్య) బజారులో దొరుకుతుంది, దాన్ని మించింది లేదు. పొడవాటి ప్లాస్టిక్ పటకారుతో బొరియ నోటికి జానెడు దూరంలో పట్టుకుని ఆడించండి. మొదట రెండు కళ్లు బయటకొస్తాయి, కాడల మీద నిలబడి ఒకటి మీ వైపు, ఒకటి తిండి వైపు తిరుగుతుంది. మీసాల దగ్గరి పొలుసులు చెవుల్లా విచ్చుకుంటాయి. ఆ తర్వాత జరిగింది మీరు చూడలేరు. పటకారు చేతిలో ఒక్కసారి అదురుతుంది, ఇసక కాస్త లేచి సర్దుకుంటుంది, చింగుడి ఉండదు.

మర్నాడు మిగిలిన తొక్కలు తీసెయ్యండి. రెండు వారాలకోసారి పది లీటర్లు తీసి, అదే ఉప్పదనంతో కలిపి ఉంచిన కొత్త నీరు పొయ్యండి. ఇందులో ఇంకేం చేపా పెంచకండి. అలంకారానికి వేసినా అది దాని కంటికి భోజనమే.

తుపాను రోజులకు వేరే ఏర్పాటు ఉండాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. తిత్లీ అప్పుడు మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, నాలుగు జతల సెల్లులు, ఒక క్యాను కలిపిన ఉప్పునీరు సెప్టెంబరు చివరికల్లా సిద్ధంగా ఉంచుకోండి. కరెంటు లేనన్ని రోజులూ తిండి పెట్టకండి. దానికేం కాదు, నీళ్లు మాత్రం చెడకుండా ఉంటాయి.

పెంకు విడిచే రోజులు

కొన్ని నెలలకోసారి ఉన్నట్టుండి తిండి మానేస్తుంది. పటకారు దగ్గరికి తెచ్చినా రాదు. ఒక పొద్దున చూస్తే బొరియ రెండు నోళ్లూ ఇసకతో మూసేసి, మధ్యలో చిటికెన వేలు పట్టేంత కంత మాత్రమే ఉంటుంది. చచ్చిపోయిందని నా రెండోదాన్ని తవ్వి తీశాను. అప్పుడే పాత పెంకులోంచి సగం బయటికొచ్చి, జున్నులా మెత్తగా ఉంది. గాలి తగిలేసరికి మెలికపడి ఆ సాయంత్రమే పోయింది. మూసుకుందంటే తవ్వకండి. వారం పట్టొచ్చు, రెండు వారాలు పట్టొచ్చు. అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండండి, సున్నాగా ఉన్నంతవరకు అది లోపల బాగానే ఉన్నట్టు.

తలుపు తెరిచాక బొరియ బయట గాజులాంటి పెంకు కనబడితే తీసెయ్యకండి. పోయిన సున్నం తిరిగి తెచ్చుకోవడానికి అదే కొంత కొరుక్కుంటుంది. కొత్త పెంకు గట్టిపడడానికి వారం ఆగి, మొదటి తిండిగా చచ్చిన చింగుడి ముక్కే ఇవ్వండి. బతికున్నది వేస్తే ఆ మెత్తటి ఒంటి మీద దాని ముక్కు ముల్లే గుచ్చుకుంటుంది.